ఒళ్లు చెప్పే మాట... చీటీ మీద రాసే మాట

కర్నూలు పెద్దాసుపత్రి ఓపీ దగ్గర ఒక్క పూట నిలబడి వింటే చాలు, సీమ మాటలో ఇంగ్లిషు ఎంతగా కలిసిపోయిందో తెలిసిపోతుంది. ఆదోని నుంచి వచ్చిన అవ్వ ‘షుగరుంది నాయనా’ అంటుంది. ఆలూరు రైతు ‘బీపీ మాత్రలు అయిపోయినాయి సార్’ అంటాడు. బిడ్డను భుజాన వేసుకొచ్చిన పత్తికొండ తల్లి ‘రేత్రి ఫిట్సు వచ్చినాయి మేడమ్’ అని ఏడుపు గొంతుతో చెబుతుంది. బడి గడప తొక్కనివాళ్లకు కూడా ఆ మాటలు ఇంగ్లిషువని తోచదు. ఉప్పు, చింతపండులాగే అవీ ఇంట్లో మాటలైపోయాయి.

ఒకప్పుడు రోగి తన బాధ తెలుగులో చెప్పుకుంటే, డాక్టరు దానికి ఇంగ్లిషు పేరు పెట్టేవాడు. ఇప్పుడు సీను తిరగబడింది. రోగే ముందుగా ఇంగ్లిషు పేరు చెప్పేస్తున్నాడు. ‘అది సరే పెద్దాయనా, అసలు నీకు ఎట్లుంది? ఏడ నొస్తాంది?’ అని డాక్టరు అడగాల్సి వస్తోంది.

ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. రోగానికి పేరు వేరు, ఒంటికి తెలిసే బాధ వేరు. పేరు చెప్పే తొందరలో బాధ చెప్పడం మరిచిపోతే ఒక్కోసారి ప్రాణాల మీదికి వస్తుంది.

అరువు తెచ్చుకోవడం కొత్తేం కాదు

రోగాల పేర్లు అరువు తెచ్చుకోవడం తెలుగుకు ఎప్పటినుంచో అలవాటే. జ్వరం, రోగం, క్షయ, పక్షవాతం, మధుమేహం... ఇవన్నీ సంస్కృతం నుంచి వచ్చినవి. ‘ఒంట్లో సుస్తీగా ఉంది’ అన్నప్పుడు ఆ సుస్తీ ఉర్దూ నుంచి వచ్చింది. ఉర్దూ వినిపించని వీధి కర్నూల్లోనూ కడపలోనూ తక్కువే కాబట్టి దవాఖానా, బుఖారు లాంటి మాటలూ చెవికి కొత్త కావు. ఇంతెందుకు, ఆసుపత్రి అన్న మాటే పడమటి దేశాల నుంచి వచ్చి మన నోట్లో పడి రూపు మార్చుకుంది. ఆ తర్వాత కలరా, ప్లేగు, మలేరియా, టైఫాయిడ్ ఒకదాని వెనక ఒకటి దిగాయి.

ఈ పేర్లు పుట్టినచోట కూడా అన్నీ తెలిసి పెట్టినవేం కావు. మలేరియా అనేది ఇటలీ మాట. చెడ్డగాలి అని దానర్థం. చిత్తడి నేలల మీంచి వీచే గాలి వల్లే ఆ జ్వరం వస్తుందని అక్కడివాళ్లు నమ్మేవారు. గాలి కాదు, దోమ అని తేల్చే పరిశోధన జరిగింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. కారణం తేలినా పేరు మాత్రం చెడ్డగాలి దగ్గరే ఉండిపోయింది. సీమ పల్లెల్లో దాన్ని చలిజ్వరం అన్నారు. ఒళ్లు వణికించే చలి ముందు, కాలిపోయే జ్వరం వెనక... ఉన్నది ఉన్నట్టు చెప్పిన పేరది.

ఇలా జనం నోట్లో నలిగే మాటకు విలువ ఉందని గుర్తించిన తెల్లదొర ఒకాయన కడపలోనే ఉండేవాడు. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇక్కడే పండితులను చేరదీసి తెలుగు పుస్తకాల పని పట్టుకున్నాడు. 1852లో వచ్చిన ఆయన తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు ఒక్క కావ్యాల మాటలకే పరిమితం కాలేదు. జనం వాడుకలో ఉన్న మాటలకూ అందులో చోటు దొరికింది. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ పేరుతో భాషా పరిశోధన కేంద్రం ఉంది.

ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా కర్నూలు 1953 నుంచి 1956 దాకా ఉంది. ఆ మరుసటి ఏడు, 1957లో, ఊళ్లో మెడికల్ కాలేజీ మొదలైంది. చదువంతా ఇంగ్లిషులోనే. వార్డులో మాత్రం తెలుగు, ఉర్దూ, సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చేవాళ్ల కన్నడం. కోస్తా జిల్లాల నుంచి వచ్చి చేరిన కుర్ర డాక్టర్లకు ‘బేదులైతాండాయి’, ‘మోకాలు నొస్తాంది’, ‘కండ్లు తిరుగుతాండాయి’ అన్న మాటలు మొదట్లో కొత్తగానే ఉంటాయి. పుస్తకంలో వందల రోగాల పేర్లు బట్టీ పట్టి వచ్చినవాళ్లు కూడా మంచం పక్కన నిలబడ్డాక ఇంకో భాష నేర్చుకోక తప్పదు. 2006లో కడపలో రిమ్స్ వచ్చాక అక్కడా ఇదే కథ.

గ్యాసు అనే గోనెసంచి

అరువు తెచ్చిన మాటలతో అసలు చిక్కు ఎక్కడంటే, అవి మన నోట్లో పడ్డాక అర్థం మార్చుకుంటాయి. అన్నిటికన్నా ఎక్కువగా మారింది గ్యాసు.

కడుపు ఉబ్బరం, తేన్పులు, పులితేన్పులు, అజీర్తి, గుండెల్లో మంట... తెలుగులో ఇన్ని మాటలున్నాయి. ఒక్కో మాట ఒక్కో బాధ చెబుతుంది. గ్యాస్ ట్రబుల్ అన్న ఒక్క మాట వచ్చి వాటన్నిటినీ గోనెసంచిలో వేసి మూతి కట్టేసినట్టు కట్టేసింది. ఆ సంచిలోకి చివరికి గుండెనొప్పి కూడా వచ్చి పడింది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

అర్ధరాత్రి ఇంటి పెద్దాయన లేచి కూర్చుంటాడు. ఛాతీ మీద బండ పెట్టినట్టుంది. చెమటలు కారుతున్నాయి. ఎడమ చెయ్యి లాగుతోంది. ‘ఏందో గ్యాసు పట్టినట్టుంది, ఒక సోడా ఇయ్యండి’ అంటాడు. ఇంట్లోవాళ్లూ సరేననుకుంటారు. సోడా తాగించి, గ్యాసు మాత్ర వేసి, వీపు రుద్ది తెల్లారేదాకా చూస్తారు. గుండె రక్తనాళం మూసుకుపోయిన మనిషికి ఆ రెండు మూడు గంటలే ప్రాణం. అదే పెద్దాయన గ్యాసు అనకుండా ‘రొమ్ము మీద బండ పెట్టినట్టుంది, చెమట పోస్తాంది’ అని ఉంటే పక్కింటివాళ్లయినా ఆటో పిలిచేవాళ్లు. షుగర్ ఉన్నవాళ్లకు, ముసలివాళ్లకు, ఆడవాళ్లకు గుండెపోటు ఒక్కోసారి ఉత్త ఆయాసంగానో, నీరసంగానో, కడుపులో తిప్పినట్టుగానో వస్తుందని డాక్టర్లు చెబుతారు. అలాంటప్పుడు గ్యాసు అన్న మాట మరీ మోసం చేస్తుంది.

ఇందులో తెలుగువాళ్ల తప్పేమీ లేదు. ఇంగ్లిషువాళ్లు కూడా కడుపులో పుల్లని రసం పైకెగదన్ని మండితే దాన్ని ‘హార్ట్‌బర్న్’ అంటారు. దానికీ గుండెకూ సంబంధం లేదు. మనం ‘గుండెల్లో మంట’ అన్నట్టే. ఆ చోటు అలాంటిది. ఏది ఎక్కడ పుట్టిందో ఒంటికే సరిగా తెలియదు. అందుకే నొప్పి ఎట్లుందో చెప్పడం అంత అవసరం.

స్ట్రోక్ సంగతీ ఇంతే. ఇంగ్లిషులో ఆ మాటకు దెబ్బ అని అర్థం. వడదెబ్బలో ఉన్న దెబ్బ లాంటిదే. డాక్టర్ల లెక్కలో స్ట్రోక్ అంటే మెదడుకు రక్తం అందకపోవడమో, మెదడులో రక్తనాళం చిట్లడమో. మన పక్షవాతం అన్నమాట. జనం నోట్లో మాత్రం గుండెపోటు కూడా స్ట్రోకే. ‘నాయనకు స్ట్రోకొచ్చింది’ అని ఫోనులో చెబితే గుండెకో, మెదడుకో అవతలివాళ్లకు అర్థం కాదు. మూతి వంకర పోయిందా, ఒక పక్క చెయ్యి లేవడం లేదా, మాట ముద్దగా వస్తోందా... ఈ మూడు ముక్కలు చెబితే చాలు. రక్తం గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతానికి, ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపల ఇస్తేనే ఫలితం. ఆ గంటల్లో ఒకటి ‘ఏ ఆసుపత్రికి పోదాం’ అన్న తర్జనభర్జనలో పోగొట్టుకోకూడదు.

దెబ్బల విషయానికొస్తే ఫ్రాక్చర్ ఇంకో విచిత్రం. ‘ఎముక విరగలేదంట, ఫ్రాక్చరే అయిందంట’ అని ఊపిరి పీల్చుకునేవాళ్లు ఎంతమందో! ఫ్రాక్చర్ అంటే విరగడమే. చిన్న చీలికైనా అదే మాట, రెండు ముక్కలైనా అదే మాట. ఇంగ్లిషులో చెప్పేసరికి దెబ్బ చిన్నదైనట్టు అనిపిస్తుంది. కట్టు కట్టించుకుని వారం తిరక్కుండానే చేలోకి దిగుతారు. బెణికింది, కమిలింది, చిట్లింది, విరిగింది, గీరుకుపోయింది... మన దెబ్బల మాటల్లో ఒక్కటి కూడా ఇంకోదానితో కలవదు. అవి వాడితే ఈ గందరగోళం ఉండదు.

ఇక పాజిటివ్ సంగతి సరేసరి. 2020 ఏప్రిల్‌లో కరోనా కర్నూలును వణికించినప్పుడు ‘నెగెటివ్ వచ్చింది’ అంటే ఇంటిల్లిపాదీ దేవుడికి దండం పెట్టుకున్నారు. ‘పాజిటివ్’ అంటే గుండె జారిపోయింది. బడిలో పిల్లలకు చెప్పే పాజిటివ్‌కు, ఆసుపత్రిలో వినే పాజిటివ్‌కు ఎంత తేడా! వెతికినది దొరికిందని మాత్రమే దానర్థం. అది మంచిదా చెడ్డదా అన్నది ఏం వెతికారన్నదాన్ని బట్టి ఉంటుంది.

చికెన్‌కూ దానికీ సంబంధమేంటి?

2005 చివర్లో, 2006లో సీమ పల్లెలను ఒక కొత్త జ్వరం మంచం పట్టించింది. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గేది. కీళ్లనొప్పులు మాత్రం నెలల తరబడి వదిలేవి కావు. నిన్నటిదాకా బరువులెత్తిన మనిషి గోడ పట్టుకుని నడిచేవాడు. పొద్దున లేస్తే పిడికిలి ముడుచుకునేది కాదు. డాక్టర్లు చెప్పిన పేరు చికున్ గున్యా. జనం విన్నది చికెన్ గున్యా.

పేరులో చికెన్ వినిపించాక ఇంకేముంది! కోడికూర తింటే వస్తుందని అనుకున్నవాళ్లున్నారు. సరిగ్గా 2006 ఫిబ్రవరిలోనే మహారాష్ట్రలోని నవాపూర్ కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. దాంతో అనుమానం ఇంకాస్త బలపడింది. కోడిని మానేశాం కాబట్టి ఇక భయం లేదనుకున్న ఇళ్లలో కూడా జ్వరాలు వచ్చాయి.

అసలు దొంగ నీళ్లతొట్టిలో ఉంది. ఈ జ్వరాన్ని మోసేది పగటిపూట కుట్టే దోమ. అది మురుగులో కాకుండా ఇంట్లో నిల్వ ఉన్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. కుళాయి రోజూ రాని ఊళ్లలో డ్రమ్ములు, తొట్లు, బానలు నింపి పెట్టుకోక తప్పదు. కరువు నేల మీద నీళ్లు దాచుకోవడమే దోమకు పుట్టిల్లయింది. తొట్టి మీద మూత వేయడం, వారానికొకసారి తొట్టి ఖాళీ చేసి రుద్ది కడగడం... మందు అదీ. పేరు మాత్రం వేలు కోడివైపు చూపించింది.

ఈ పేరు ఇంగ్లిషు కూడా కాదు. 1952లో ఆఫ్రికా ఖండంలో, ఇప్పటి టాంజానియాలో ఈ జ్వరం వచ్చినప్పుడు అక్కడి మకొండె జనం తమ భాషలో పెట్టుకున్న పేరిది. ‘వంగిపోయేలా చేసేది’ అని దాని భావం. కీళ్లనొప్పితో మనుషులు వంగి నడుస్తుంటే, కంటికి కనబడినదే పేరుగా పెట్టారు. ఆ పల్లెజనం మాటే పుస్తకాలకెక్కి, ప్రపంచమంతా తిరిగి, చివరికి ఇంగ్లిషు పేరన్న గౌరవంతో మన దగ్గరికి వచ్చింది. మనవాళ్లు కీళ్లజ్వరం అన్నదీ అలాంటి మాటే కదా!

సీమకు అలాంటి పేరు ఇంకోటి బాగా తెలుసు. నారికురుపు. అరవై దాటినవాళ్లను అడిగితే చెబుతారు. కాలి మీద బొబ్బ లేచి, మంటపుట్టి, పగిలి, అందులోంచి దారంలాంటి తెల్లని పురుగు తల బయటపెట్టేది. మూరన్నర దాకా పొడవు. తెగితే ప్రమాదమని పుల్లకు చుట్టి రోజూ కొంచెం కొంచెంగా లాగేవారు. దిగుడు బావుల్లో మెట్లు దిగి ముంచుకున్న నీళ్లలో ఉండే చిన్న చిన్న నీటిపురుగుల ద్వారా అది ఒంట్లో చేరి, ఏడాది తర్వాత ఇలా బయటపడేది. ఇంగ్లిషువాళ్లు దాన్ని గినీ పురుగు అన్నారు. ఆఫ్రికాలో వాళ్లు చూసిన గినీ తీరం పేరది. అది ఊరి పేరు చెబుతుంది. మన పేరు దారంలాంటి పురుగును, కురుపును రెండింటినీ చూపిస్తుంది.

అయితే రోగాన్ని పోగొట్టింది ఆ పేరూ కాదు, ఈ పేరూ కాదు. నీళ్లు బట్టతో వడగట్టుకోవడం, దిగుడు బావుల బదులు బోరు పంపులు, కురుపున్న మనిషి బావిలో కాలు పెట్టకుండా చూడటం. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల్లో ఉన్న ఈ పీడ మీద 1980ల్లో జాతీయ కార్యక్రమం మొదలైంది. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇండియాకు నారికురుపు లేదని ధ్రువీకరించింది. రోగంతో పాటు ఆ మాటా ఇప్పటి పిల్లలకు తెలియకుండా పోయింది. అన్ని మాటలూ అలా పోతే ఎంత బాగుండు!

ఇంగ్లిషు అక్కరకొచ్చే చోటు

ఇంతా చెప్పి ఇంగ్లిషు మాటలు వద్దనుకుంటే పొరపాటే. మన మాట బాధను చెప్పడంలో ఘనాపాఠీ. ఒంటి లోపలి భాగాలను విడదీయడంలో మాత్రం కొంచెం మొహమాటపడుతుంది.

నరం అన్న మాటే చూడండి. సెలైన్ పెట్టడానికి నర్సమ్మ ‘నరం దొరకడం లేదు’ అంటుంది. అక్కడ నరమంటే రక్తం పారే గొట్టం. ‘నరాల బలహీనత’ అని గోడల మీద రాసే ప్రకటనల్లో నరమంటే మెదడు నుంచి కబుర్లు మోసే తీగ. ‘పిక్కలో నరం పట్టేసింది’ అన్నప్పుడు చాలాసార్లు పట్టేసింది కండ. మూడు వేర్వేరు వస్తువులకు ఒక్కటే పేరు. ఇంగ్లిషులో వీటికి వెయిన్, నెర్వ్, మజిల్ అని మూడు మాటలున్నాయి.

గడ్డ ఇంకోటి. చీము పట్టిన సెగగడ్డా గడ్డే, కొవ్వు గడ్డా గడ్డే, క్యాన్సరూ గడ్డే. రొమ్ములో నొప్పి లేని గడ్డ కనబడితే ‘నొప్పే లేదు, మామూలు గడ్డేలే’ అని ఏడాది ఊరుకున్న ఆడవాళ్లు చివరికి పెద్దాసుపత్రికి చేరుతుంటారు. నొప్పి లేకపోవడమే అక్కడ అనుమానించాల్సిన సంగతి. ముక్క తీసి పరీక్ష చేసి దానికి సరైన పేరు పెడితే తప్ప మందేమిటో తేలదు. ఆ పేరు ఇంగ్లిషులో ఉన్నా, లాటిన్‌లో ఉన్నా తెలుసుకోవాల్సిందే.

కాలు సంగతి మరీ కష్టం. తొడ నుంచి వేళ్ల దాకా మొత్తం మనకు కాలే. షుగర్ ముదిరి స్పర్శ పోయినవాళ్లు తుమ్మముల్లు గుచ్చుకున్నా గమనించరు. పుండు పడి, కుళ్లి, చివరికి డాక్టరు ‘కాలు తీసేయాల్సి రావచ్చు’ అంటే ఇంటిల్లిపాదీ గొల్లుమంటారు. తీయాల్సింది ఒక వేలా, పాదంలో సగమా, మోకాలి కిందిదాకానా? సంతకం పెట్టే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగాలి. భయపడి ఇంటికి తీసుకుపోతే, వేలితో పోయేది మోకాలి దాకా పాకుతుంది.

షుగర్ అన్న పేరు చేసే మాయ కూడా తక్కువేం కాదు. పేరులోనే చక్కెర ఉంది కాబట్టి టీలో చక్కెర మానేస్తే సరిపోతుందని చాలామంది నమ్మకం. మూడు పూటలా తినే అన్నం లోపలికి పోయి చక్కెరే అవుతుందన్నది ఆ పేరు చెప్పదు. ‘కాళ్లు మొద్దుబారినాయి, చెప్పు జారిపోయినా తెలీడం లేదు’ అని రోగి చెప్పిన రోజే డాక్టరు అరికాలు చూస్తాడు. ‘షుగరుంది సార్’ అని ఊరుకుంటే మాత్రం మాత్రలు రాసి పంపేస్తాడు.

చాటు మాటలు

ఇంగ్లిషు మాటకు ఇంకో ఉపయోగముంది. అది ముసుగు. నలుగురిలో చెప్పుకోలేనివి ఇంగ్లిషులో చెప్పేస్తే బరువు తగ్గినట్టుంటుంది. మోషన్, యూరిన్, పీరియడ్స్, పైల్స్... ఈ మాటలు మన ఇళ్లలో ఇంతగా పాతుకుపోవడానికి సిగ్గే కారణం. అత్తగారి ముందు, మగ డాక్టరు ముందు తెల్లబట్ట సంగతి చెప్పలేక ‘వీక్‌నెస్ సార్’ అని బలం మాత్రలు రాయించుకుని వెళ్లే కోడళ్లు ఎందరో. బలం మాత్రలతో అసలు జబ్బు పోదు. సిగ్గు కోసం ఇంగ్లిషు మాట వాడుకున్నా తప్పు లేదు. మాట ఏదైనా అసలు బాధ చెప్పడమే ముఖ్యం.

ఈ ముసుగు డాక్టర్ల దగ్గరా ఉంది. క్యాన్సర్ అనకుండా ‘సీఏ’ అంటారు. టీబీ అనకుండా ‘కోక్స్’ అంటారు. 1882లో క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కోక్ పేరది. వార్డులో పక్క మంచంవాళ్లకు తెలియకూడదని మొదలైన మర్యాద, కొన్నిసార్లు రోగికే తెలియకుండా చేస్తుంది. ‘ఆయనకు చెప్పొద్దు సార్, తట్టుకోలేడు’ అని బంధువులు బతిమాలతారు. తనకున్నది టీబీ అని తెలియని మనిషి, రెండు నెలలకే దగ్గు తగ్గిందని మాత్రలు మానేస్తాడు. ఆరు నెలలు వాడాల్సిన మందు మధ్యలో వదిలితే క్రిమి మందుకు లొంగకుండా తయారవుతుంది. దాచిన పేరు అప్పుడు ఇంటిల్లిపాదికీ ముప్పు.

ఒకప్పుడు కడప జిల్లాలో ఉండి 1911లో చిత్తూరు జిల్లాలో కలిసిన మదనపల్లె దగ్గర, 1915లో క్షయ రోగుల కోసం ఒక శానిటోరియం తెరిచారు. ఆ చోటికి పెట్టిన పేరు ఆరోగ్యవరం. రోగం పేరు లేదు, ఆశ మాత్రమే ఉంది. వెళ్లేవాళ్లకు తాము వెళ్లేది క్షయకు మందు కోసమేనని తెలుసు. ధైర్యం కోసం మంచి పేరు పెట్టడం వేరు, నిజం తెలియకుండా దాచడం వేరు.

నొప్పికి డెబ్బై ఎనిమిది మాటలు

కెనడాలో మాంట్రియల్ నగరంలో మెక్‌గిల్ యూనివర్సిటీ ఉంది. అక్కడి మనస్తత్వ శాస్త్రవేత్త రోనాల్డ్ మెల్జాక్ నొప్పిని వర్ణించే మాటలను పోగుచేసే పని పెట్టుకున్నాడు. నొప్పిని కొలిచే యంత్రం లేదు. ఆ మనిషి నోటిమాటే కొలత. పోగైన మాటల్లో 78 ఏరి, 20 గుంపులుగా పేర్చి, 1975లో ఒక ప్రశ్నావళి ప్రచురించాడు. ప్రపంచమంతా డాక్టర్లు, పరిశోధకులు దాన్ని వాడుకున్నారు. ఏ రకం జబ్బుకు ఏ రకం మాటలు వస్తాయో చూస్తే, జబ్బు ఆనవాలు దొరుకుతుందని అర్థమైంది.

అలాంటి జాబితా సీమలో రాయాలంటే ఎక్కడికీ పోనక్కర్లేదు. రచ్చబండ దగ్గర కూర్చుంటే చాలు. చీము పట్టిన వేలు సలుపుతుంది. పుచ్చిన పన్ను జివ్వుమంటుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కలో పొడిచేది పోటు. రోజంతా కలుపు తీసినాక కాళ్లు పీకుతాయి. కడుపులో మెలిపెడుతుంది. మూత్రంలో రాయి కదిలితే నొప్పి నడుము నుంచి గజ్జల్లోకి దిగుతుంది. ఎండలో పనిచేస్తూ నీళ్లు తక్కువ తాగేవాళ్లకు ఆ బాధ బాగా తెలుసు. నడుములో నెర్వ్ నలిగితే పిర్ర నుంచి మడమ దాకా తీగ లాగినట్టు లాగుతుంది. షుగర్ పాతబడినవాళ్ల అరికాళ్లలో చిమచిమ, సూదులు గుచ్చినట్టు మంట. గుండెకు రక్తం అందకపోతే బరువు, బిగువు, బండ.

ఇందులో ఏ ఒక్కటీ మోటుమాట కాదు. డాక్టరు పుస్తకంలో చదివిన లక్షణాలకు ఇవి నికార్సయిన తెలుగు పేర్లు. మాట విన్నంత మాత్రాన జబ్బు ఖాయమని కాదు, పరీక్షలు చేయాల్సిందే. అయితే ఏ పరీక్ష ముందు చేయాలో ఈ మాటే దారి చూపిస్తుంది. ‘పెయిన్ సార్’ అంటే ఆ దారి మూసుకుపోతుంది.

కొన్ని మన మాటలను కూడా విప్పి చెప్పాలి. ‘వేడి చేసింది’ అంటే ఇంగ్లిషు చదువుకున్న డాక్టరుకు ఏమీ తోచదు. నోట్లో పొక్కులా, మూత్రంలో మంటా, కళ్లు మంటా? ‘వాతం’ అంటే కీళ్ల వాపా, ఒళ్లంతా పట్టేసినట్టా? ఎక్కడ, ఎప్పటినుంచి, ఏం చేస్తే ఎక్కువవుతోంది, ఏం చేస్తే తగ్గుతోంది అన్న నాలుగు సంగతులూ చెబితే సగం పని అయినట్టే.

2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు మొదలయ్యాక పల్లెవాళ్లకు ఒక సంగతి అర్థమైంది. ఫోను ఎత్తినవాళ్లు రోగం పేరు అడగరు. ఏమైంది, మనిషి తెలివిలో ఉన్నాడా, ఊపిరి ఆడుతోందా, రక్తం పోతోందా అని అడుగుతారు. దానికి ఇంగ్లిషు అక్కర్లేదు. రెండేళ్ల తర్వాత, 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తెచ్చిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి పులివెందుల డాక్టరే. అక్కడ మాత్రం సంగతి వేరు. ఏ ఆపరేషన్‌కు వర్తిస్తుంది, ఏదానికి వర్తించదు అన్నది కాగితం మీద రాసిన ఇంగ్లిషు పేరును బట్టే తేలుతుంది.

అంటే ఆసుపత్రిలోకి పోయేటప్పుడు ఒక భాష, వచ్చేటప్పుడు ఇంకో భాష కావాలి. పోయేటప్పుడు ఒళ్లు చెప్పిన మాటే చెప్పాలి. అవ్వకు చెవుడైతే, ఆమె తరఫున మాట్లాడే మనవడు ‘షుగర్, బీపీ, గ్యాస్’ అని జాబితా చదవకుండా, ఆమె రాత్రి మూలిగిన మాటలే చెప్పాలి. వచ్చేటప్పుడు రోగం పేరేమిటో చీటీ మీద అర్థమయ్యే అక్షరాల్లో రాయించుకోవాలి. ‘దీన్ని తెలుగులో ఏమంటారు సార్? మందు ఎన్నాళ్లు వాడాల? ఏమైతే మళ్లీ రావాల?’ అని అడగాలి. రద్దీలో ఉన్న డాక్టరు ఒక్కోసారి విసుక్కోవచ్చు. అయినా అడగాలి.

ఆ చీటీ పారేయకుండా రేషన్ కార్డు, పాసు పుస్తకం పెట్టుకునే పెట్టెలోనే పెట్టుకోవాలి. రేపు కర్నూలు నుంచి ఇంకో ఊరికి రాసిచ్చినా, కొత్త డాక్టరు ముందు ఇంగ్లిషు సంగతి ఆ చీటీ చూసుకుంటుంది. ఎక్కడ నొస్తాందో, ఎట్ల నొస్తాందో చెప్పడానికి అవ్వ నోట్లో మాట ఉండనే ఉంది.